పశువు బావిలో పడితే అగ్నిమాపక సిబ్బంది వస్తారా?

వస్తారు, 101కు ఫోన్ చేస్తే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ శాఖ అధికారిక పేరులోనే అగ్నిమాపకంతో పాటు విపత్తు స్పందన కూడా ఉంది. అంటే వరదలో చిక్కుకున్నవారిని, కూలిన గోడ కింద పడ్డవారిని కాపాడటమూ వాళ్ల పనే. పైగా చిన్న పట్టణాల్లో తాళ్లు, నిచ్చెనలు, పంపులతో రాత్రింబవళ్లు సిద్ధంగా ఉండేది సాధారణంగా వాళ్లే.

గేదె బావిలో పడిందనుకోండి. ఒకరు నడుముకు తాడు కట్టుకుని దిగి, దాని పొట్ట కింద నుంచి వెడల్పాటి పట్టీనో, నీళ్లు చిమ్మే గుడ్డ గొట్టాన్నో చుడతారు. సన్నటి తాడైతే ఆ బరువుకు చర్మం కోసుకుపోతుంది. తర్వాత మిగతావాళ్లు పైకి లాగుతారు (పొక్లెయిన్ దొరికితే పని తేలిక).

డబ్బు కట్టాలేమోనని చాలామంది వెనకాడతారు, అనవసరంగా. ఆపదలో పిలిస్తే రుసుము ఉండదు. సభలకు, ఉత్సవాలకు ముందుజాగ్రత్తగా బండిని పెట్టించుకుంటే మాత్రం కట్టాలి.