ఆయన రానంటే, భార్య ఒక్కతే కుటుంబాల మీటింగుకు వెళ్ళి ప్రయోజనం ఉంటుందా?

మీ భర్త తాగుడు మానాలనుకునేవారి ఆల్కహాలిక్స్ ఎనానిమస్ (ఏఏ) మీటింగుకు రానని తేల్చి చెప్పారని, అలాంటప్పుడు మీరొక్కరే తాగేవారి కుటుంబాల కోసం నడిచే అల్-అనాన్‌కు వెళ్ళడం వల్ల ఉపయోగం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. మా ఇంట్లో కూడా ముందు గడప దాటింది నేనే. మావారు ఏఏకి వెళ్ళింది ఆ తర్వాత చాలా కాలానికి.

ఆల్కహాలిక్స్ ఎనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, తాగుడు వల్ల నష్టపోయిన ఇద్దరు వ్యక్తుల కలయికతో మొదలైంది. ఆ ఇద్దరిలో ఒకరైన బిల్ భార్య లోయిస్ మరికొందరు భార్యలతో కలిసి 1951లో అల్-అనాన్‌ను ఏర్పాటు చేశారు. అది తాగేవారితో కలిసి బతుకుతున్నవారి కోసం పుట్టినది కాబట్టి మీ ఆయన ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. ఫీజు ఉండదు, సంచీ తిప్పినప్పుడు ఇష్టముంటే ఎంతో కొంత వేయవచ్చు.

నేను వెళ్ళిన చోట స్కూలు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఇంటిపేరు, కులం, ఆయన ఉద్యోగం ఎవరూ అడగలేదు. ఒక పెద్దావిడ తన వంతు వచ్చినప్పుడు, రాత్రి మెట్ల మీద చెప్పుల చప్పుడును బట్టే ఆయన ఎంత తాగి వచ్చారో పోల్చుకునేదాన్నని చెప్పారు. రోజూ నేను చేసేదీ అదేనని, అది నాకొక్కదానికే ఉన్న అలవాటు కాదని అప్పుడు తెలిసింది. బంధువులైతే సర్దుకుపొమ్మని కొందరు, వచ్చేయమని కొందరు చెబుతారు. అక్కడ మాత్రం ఎవరూ సలహా ఇవ్వరు, మధ్యలో అడ్డురారు. ఆయన తాగుడుకు మనం కారణం కాదని, దాన్ని అదుపు చేయడం గానీ నయం చేయడం గానీ మన చేతిలో లేదని అక్కడ పదే పదే వింటాం. ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పడం, ఆయన అప్పులు మనం తీర్చడం లాంటివి ఆపే ధైర్యం ఆ మాట లోపలికి దిగాకే వస్తుంది.

"అయ్యప్ప మాల వేసుకున్నన్నాళ్ళు మానినవాడు ఇప్పుడెందుకు మానలేడు?" అని మీ అత్తగారు అంటున్నారని రాశారు. ఆ నలభై ఒక్క రోజులూ తెల్లవారుజామున స్నానం, భజన, చుట్టూ తోటి స్వాములు ఉంటారు. మాల తీయగానే ఆ తోడు చెదిరిపోతుంది. గడువు లేకుండా, ఈ ఒక్క రోజుకు తాగనని అనుకునేవారి తోడు ఏఏలో ఏడాది పొడవునా దొరుకుతుంది.

అయితే రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆపై మతి తప్పి లేనివి కనిపించవచ్చు. అది ప్రాణాపాయం కనుక మాన్పించేటప్పుడు సైకియాట్రిస్టు పర్యవేక్షణ ఉండాలి. ఆయనకు తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే మందు కలపమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. అలాంటి మందుల్లో ఒకటైన డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రం మీటింగు రోజు దాకా ఆగకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మీ ఊళ్ళో గ్రూపు దొరికేలోగా మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.