వెనక సీట్లో ఎవరూ లేకపోయినా సీటు బెల్టు అలారం మోగుతోంది, ఏం చేయాలి?

ముందు ఆ సీటు మీద ఏముందో చూడండి. చాలా కార్లలో సీటు కుషన్‌లో బరువును పసిగట్టే సెన్సర్ ఉంటుంది. బరువైన బ్యాగు పెట్టినా మనిషి కూర్చున్నట్టే లెక్క. బ్యాగును డిక్కీలోకి మారిస్తే మోత ఆగుతుంది. సీటు నిజంగా ఖాళీగా ఉన్నా మోగుతుంటే బకిల్‌లో చెత్త ఇరుక్కుందేమో, సీటు కింద కనెక్టర్ వదులైందేమో మెకానిక్‌కి చూపించండి.

దయచేసి డమ్మీ క్లిప్పు మాత్రం కొనకండి. బెల్టుకు బదులు దాన్ని బకిల్‌లో గుచ్చితే బెల్టు పెట్టుకున్నారని కారు నమ్మేస్తుంది, రేపు అక్కడ మనిషి కూర్చున్నా హెచ్చరించదు. గుద్దుకున్నప్పుడు బెల్టు లేని వెనక మనిషి అదే వేగంతో ముందు సీటు మీద పడతాడు. ముందున్నవాళ్లు బెల్టు పెట్టుకున్నా సరే, వాళ్ల ప్రాణానికీ ముప్పే.

ఐసోఫిక్స్‌తో (సీటు బెల్టు వాడకుండా కారులోని కొక్కేలకు తగిలించే పద్ధతి) బిగించిన పిల్లల సీటు వల్ల మోగుతుంటే కారు మాన్యువల్ చూడండి.