లేజర్ ఉండగా క్షిపణి ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇరాన్ డ్రోన్లు, వాటిని కూల్చే లేజర్ల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: లేజర్‌తో డ్రోన్‌ను కూల్చడానికి రెండు వందల రూపాయలు కూడా అవ్వదని టీవీలో చెప్పారు. మరి ఇజ్రాయెల్, అమెరికా కోట్ల రూపాయల క్షిపణులు ఎందుకు పేలుస్తున్నాయి? (గుంటూరు)

జవాబు: ఇజ్రాయెల్ లేజర్ ఆయుధం 'ఐరన్ బీమ్' ఒక్క దెబ్బకు రెండు డాలర్లు చాలని 2022లో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని నఫ్తాలీ బెన్నెట్ అన్నారు. ఆ లెక్క అక్కడిది. కరెంటు బిల్లు వరకైతే నిజమే. లేజర్ యంత్రం, అద్దాలు, జనరేటర్లు, చల్లబరిచే ఏర్పాట్లు, సిబ్బంది జీతాలు అందులో లేవు. అసలు చిక్కు డబ్బు దగ్గర లేదు, దూరం దగ్గర, సమయం దగ్గర ఉంది.

చిన్న లెక్క వేద్దాం. కిరణం 100 కిలోవాట్లు, దాన్ని పంపే అద్దం వ్యాసం 30 సెం.మీ. అనుకోండి. 10 కి.మీ. దూరంలో ఆ కిరణాన్ని ఎంత కుదించినా సుమారు 9 సెం.మీ. చుక్క కంటే చిన్నది కాదు. కాంతి అలగా ప్రయాణిస్తుంది కాబట్టి అది తప్పదు. దారిలో ధూళి, తేమ సగం మింగితే చుక్క మీద చదరపు సెంటీమీటరుకు 800 వాట్లు పడతాయి. 2 మి.మీ. అల్యూమినియం రేకు కరగాలంటే చదరపు సెంటీమీటరుకు 500 జౌల్స్ పైచిలుకు శక్తి లోపలికి దిగాలి. రంగు వేసిన రేకు పడినదాంట్లో మూడో వంతు పీల్చుకుంటుందనుకుంటే రెండు సెకన్లలో పని అయిపోవాలి.

ఇదంతా కాగితం మీద. అద్దం గురి 10 మైక్రోరేడియన్లు, అంటే వెంట్రుకవాసి కోణం, వణికితే 10 కి.మీ. దగ్గర చుక్క 10 సెం.మీ. పక్కకు జరుగుతుంది. వేడి ఒకచోట నిలవదు, రెండు సెకన్లు కాస్తా ఐదో, పదో అవుతాయి. డ్రోన్ సూటిగా మన వైపే వస్తుంటే ఇంకో తంటా. కిరణం ఒకే గాలిదారిలో పోతూ ఆ గాలిని వేడెక్కిస్తుంది, వేడెక్కిన గాలి కటకంలా మారి కిరణాన్నే చెదరగొడుతుంది. మబ్బు అడ్డం వస్తే ఇక చేసేదేమీ లేదు.

ఇప్పుడు గుంపు సంగతి. గంటకు 185 కి.మీ. వేగంతో వచ్చే డ్రోన్ చివరి 5 కి.మీ. దాటడానికి సుమారు 97 సెకన్లు తీసుకుంటుంది. ఒక్కోదానికి ఐదు సెకన్ల కాల్పు, పడిందో లేదో చూసుకుని అద్దాన్ని ఇంకోదాని మీదికి తిప్పడానికి మూడు సెకన్లు. అంటే 12 డ్రోన్లే. పదమూడో డ్రోన్‌కు క్షిపణో, ఫిరంగో ఉండి తీరాలి.

వేడి సమస్య కూడా చిన్నది కాదు. 100 కిలోవాట్ల కాంతి రావాలంటే దాదాపు 300 కిలోవాట్ల కరెంటు పోయాలి. మిగతా 200 కిలోవాట్లు పెట్టెలోనే వేడిగా మిగులుతాయి. జూన్‌లో గల్ఫ్ ఎండకు ఆ వేడిని బయటికి తోడడమే సగం ఇంజనీరింగ్. అమెరికా నౌకాదళం 2014లో తన 30 కిలోవాట్ల లేజర్‌ను 'పోన్స్' నౌక మీద పెట్టి పర్షియన్ గల్ఫ్‌కే పంపింది. ఆ వేడిలో, ధూళిలో, ఉప్పు తేమలో నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుందని. అందులో వాడినవి ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చేసే లేజర్లే, ఆరింటిని కలిపి ఒక్క గురి మీదికి తెచ్చారు.

టీవీ గ్రాఫిక్స్‌లో కనపడే ఎర్రగీత మాత్రం కల్పన. ఈ కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 1.07 మైక్రాన్లు, పరారుణం. కంటికి కనపడదు.

ప్రశ్న: 2025 జూన్ ఇరాన్–ఇజ్రాయెల్ యుద్ధంలో ఐరన్ బీమ్ వాడారా? (ఖమ్మం)

జవాబు: అప్పటికి అది సైన్యం చేతికి రాలేదు. పూర్తిస్థాయి 100 కిలోవాట్ల తరగతి యంత్రాన్ని ఇజ్రాయెల్ సైన్యానికి అప్పగించింది 2025 డిసెంబర్ 28న. అంతకుముందు 2024లో లెబనాన్ సాయుధ సంస్థ హిజ్బుల్లా డ్రోన్ల మీద వాడినవి ప్రయోగ దశలోని లేజర్లు. ఆ సంగతిని 2025 మేలో బయటపెట్టారు.

ప్రశ్న: మోపెడ్‌లా చప్పుడు చేస్తూ నెమ్మదిగా వచ్చే షాహెద్‌ను పట్టుకోవడం అంత కష్టమా? దానిలో ఏముంటుంది? (విశాఖపట్నం)

జవాబు: ఇరాన్ డ్రోన్ షాహెద్-136 పొడవు 3.5 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 2.5 మీటర్లు, బరువు సుమారు 200 కిలోలు. ముక్కులో 40–50 కిలోల పేలుడు పదార్థం. వెనక చెక్క ప్రొపెల్లర్‌ను తిప్పేది 50 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజిన్, జర్మన్ లింబాక్ ఇంజిన్‌కు నకలు. మీరన్న మోపెడ్ చప్పుడు దానిదే. లారీ మీద అమర్చిన చట్రం నుంచి చిన్న రాకెట్ తోపుతో ఎగురుతుంది, ఆ రాకెట్ వెంటనే ఊడి పడిపోతుంది. దారి చూపేవి గైరో పరికరాలు, ఉపగ్రహ సంకేతాలు. అందుకే ఈ రకం డ్రోన్ ముందే లెక్కగట్టిన చోటికి, అంటే కట్టడాలకు పనికొస్తుంది, కదిలే బండికి కాదు.

కష్టమల్లా కనిపెట్టడంలో. భూమి గుండ్రంగా ఉంది కదా. 10 మీటర్ల ఎత్తున్న రాడార్‌కు 60 మీటర్ల ఎత్తులో వచ్చే వస్తువు 45 కి.మీ. లోపలికి వచ్చాకే కనపడుతుంది. 185 కి.మీ. వేగానికి అది 15 నిమిషాల వ్యవధి. పైగా ఆ వేగం కార్లకు, పక్షుల గుంపులకు దగ్గరగా ఉంటుంది. నెమ్మదిగా కదిలేవాటిని రాడార్ వడపోస్తే డ్రోన్ కూడా ఆ వడపోతలో పోతుంది. వడపోయకపోతే తెర నిండా చుక్కలు. ఆకాశం నుంచి కిందికి చూసే విమాన రాడార్లుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: ఇరాన్ వెయ్యి డ్రోన్లు వదిలితే ఇజ్రాయెల్‌లో ఒక్క ఇల్లే దెబ్బతిందట. అయితే డ్రోన్లు దండగేనా? (విజయవాడ)

జవాబు: లెక్క నిజమే. 2025 జూన్ 13 నుంచి 24 వరకు ఇరాన్ వెయ్యికి పైగా డ్రోన్లు వదిలిందని ఇజ్రాయెల్ చెప్పింది. వాటిలో ఒకటి బేత్ షెయాన్‌లో ఒక ఇంటి మీద పడింది. నష్టం చేసినవి 550 దాకా వచ్చిన బాలిస్టిక్ క్షిపణులు. 2024 ఏప్రిల్‌లోనూ అంతే, 170 డ్రోన్లలో ఒక్కటీ ఇజ్రాయెల్ గగనతలంలోకి రాలేదు.

దీన్నిబట్టి డ్రోన్ చేతకానిదనడం తొందరపాటు. పశ్చిమ ఇరాన్ నుంచి ఇజ్రాయెల్‌కు వెయ్యి కి.మీ. పైన. షాహెద్‌కు దాదాపు ఆరు గంటల ప్రయాణం, దారంతా ఇరాక్, జోర్డాన్ ఎడారి. ఆరు గంటల ముందే తెలిస్తే యుద్ధవిమానాలు, హెలికాప్టర్లు తీరిగ్గా ఎదురెళ్తాయి. దూరం తగ్గితే కథ మారిపోతుంది. 2019 సెప్టెంబర్ 14న సౌదీలోని అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద 18 డ్రోన్లు, 7 క్రూయిజ్ క్షిపణులు ప్రయోగించారని సౌదీ చెప్పింది. రోజుకు 57 లక్షల పీపాల ఉత్పత్తి ఆగిపోయింది, దేశం ఉత్పత్తిలో సగం. ఉక్రెయిన్‌లో రష్యా ఇదే షాహెద్ నకళ్లను, ఉత్తుత్తి డ్రోన్లను కలిపి 2025 జూలై 9 రాత్రి ఒక్కసారే 728 వదిలింది. సరిహద్దు పక్కనే కాబట్టి అది సాధ్యమైంది.

ఇంకోటి, కూలిన డ్రోన్ కూడా ఎదుటివాడి అమ్ములపొదిలోంచి ఒకటి తీసుకుపోతుంది. షాహెద్ ఖరీదు 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనాలు. ఇజ్రాయెల్ రక్షణ వ్యవస్థ ఐరన్ డోమ్ వాడే తామిర్ క్షిపణి 40–50 వేలు, అమెరికా క్షిపణి పేట్రియాట్ పీఏసీ-3 ఎంఎస్‌ఈ ఒక్కటి 40 లక్షల డాలర్ల చుట్టూ. ధర కంటే నిల్వ ముఖ్యం. ఎఫ్-15ఇ విమానం మోసే గాలి-గాలి క్షిపణులు ఎనిమిదే. తొమ్మిదో డ్రోన్ వచ్చేసరికి దిగి మళ్లీ నింపుకోవాలి.

ప్రశ్న: అమెరికా 'లేజర్ రాకెట్లు' వాడుతోందంటే లేజర్ ఆయుధమనేనా? (ఒంగోలు)

జవాబు: కాదు. ఏపీకేడబ్ల్యూఎస్ అనే 70 మి.మీ. రాకెట్‌లో లేజర్ దారి చూపుతుంది, కాల్చదు. విమానం లేజర్ చుక్కను డ్రోన్ మీద నిలిపితే రాకెట్ ఆ వెలుగును వెతుక్కుంటూ వెళ్తుంది. ఒక్కోటి 25–30 వేల డాలర్లు, ఒక గొట్టాల కట్టలో ఏడు పడతాయి. పైన చెప్పిన ఎనిమిది క్షిపణుల సమస్యకు ఇంతవరకు బాగా కుదిరిన మందు ఇదేనని మా అభిప్రాయం. పేరులో మెరుపు లేదంతే.

ప్రశ్న: డ్రోన్‌కు అద్దం అంటిస్తే లేజర్ తిరిగి వెళ్లిపోదా? (డిగ్రీ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: బాగా మెరుగుపెట్టిన అల్యూమినియం ఈ కాంతిలో 90 శాతం పైన తిప్పికొడుతుంది. మిగతా పది శాతం లోపే దిగినా ఉపరితలం వేడెక్కి మసకబారుతుంది, మసకబారిన కొద్దీ ఎక్కువ పీలుస్తుంది. ఆ మెరుగు ఎంతసేపుంటుంది? లారీ మీద ఎడారి ఇసుక, ఎగిరేటప్పుడు రాకెట్ పొగ, ఆపైన ఇంజిన్ నూనె. షాహెద్ ఒళ్లు రెసిన్‌తో అంటించిన కాంపోజిట్, రెసిన్ కొన్ని వందల డిగ్రీలకే మాడుతుంది. గురి పెట్టేవాళ్లు కూడా ఒంటి మధ్యలో పెట్టరు. రెక్క మడత, ఇంజిన్, ముక్కు చూస్తారు. కెమెరా ఉన్న డ్రోన్ అయితే దాన్ని గుడ్డి చేయడానికి చాలా తక్కువ శక్తి సరిపోతుంది. తళతళలాడే డ్రోన్ కెమెరాకు దూరం నుంచే దొరికిపోతుంది కూడా.

ప్రశ్న: లేజర్‌తో బాలిస్టిక్ క్షిపణిని ఆపలేరా? (నెల్లూరు)

జవాబు: కిందికి దిగేటప్పుడు కష్టం. వాతావరణంలోకి తిరిగొచ్చే ముక్కు భాగాన్ని వేల డిగ్రీల వేడి తట్టుకునేలా కడతారు. లేజర్ ఇచ్చే వేడి దానికి లెక్కలోది కాదు. పైకి లేచేటప్పుడు, ఇంధనం నిండిన పల్చటి గొట్టంగా ఉన్నప్పుడు కొట్టొచ్చు. బోయింగ్ 747లో మెగావాట్ తరగతి రసాయన లేజర్ అమర్చి అమెరికా 2010 ఫిబ్రవరి 11న అలా ఒక క్షిపణిని పగలగొట్టింది కూడా. అయినా 2011 చివర ఆ పథకాన్ని మూసేశారు. కారణం అంతకుముందే రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ చెప్పేశారు: ఇరాన్ క్షిపణిని లేచేటప్పుడే కొట్టాలంటే ఈ విమానం ఇరాన్ సరిహద్దుల లోపలే చక్కర్లు కొట్టాలి, లేదంటే లేజర్ శక్తి 20–30 రెట్లు పెరగాలి.

ప్రశ్న: ఇజ్రాయెల్ డ్రోన్లు టెహ్రాన్ పక్క నుంచే ఎలా లేచాయి? (కాకినాడ)

జవాబు: 2025 జూన్ 13కు చాలా ముందే విడిభాగాలుగా దేశంలోకి చేరవేసి, లోపలే దాచి ఉంచారని ఇజ్రాయెల్ వర్గాలు వెల్లడించాయి. చిన్న క్వాడ్‌కాప్టర్ బ్యాటరీ పది, ఇరవై కిలోమీటర్లకు మించి లాగదు, మోసేది కొద్ది కిలోలు. రాడార్ వాహనం యాంటెనా, క్షిపణి లారీ టైరు, ఇంధన గొట్టం చెడగొట్టడానికి ఆ కొద్ది కిలోలే చాలు. రాడార్లు దేశం బయటికి చూస్తుంటాయి, వెనక గోడ అవతల నుంచి లేచినదాన్ని చూడవు. పెద్ద విమానాలకు దారి తెరవడమే వాటి పని.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో డ్రైవర్. గొడవలప్పుడు ఫోన్ మ్యాప్ సముద్రంలో ఉన్నట్టు చూపిస్తుందంటాడు. పైనుంచి ఏమైనా పడితే ఏం చేయాలో కూడా చెప్పండి. (జగిత్యాల)

జవాబు: డ్రోన్లను దారి తప్పించడానికి ఉపగ్రహ సంకేతాలను నొక్కేస్తారు, లేదా దొంగ సంకేతాలు పంపుతారు. దొంగ సంకేతమైతే ఫోన్ మిమ్మల్ని సముద్రంలోనో, విమానాశ్రయంలోనో చూపిస్తుంది. ముందే డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ ఉన్నా లాభం లేదు, దారి ఉంటుంది గానీ మీరెక్కడున్నారో దానికి తెలియదు. అలాంటప్పుడు నీలం చుక్కను నమ్మకుండా రోడ్డు నంబర్లు, ఎగ్జిట్ నంబర్లు చూసి నడపమనండి. 2025 జూన్‌లో గల్ఫ్‌లో రోజుకు దాదాపు వెయ్యి ఓడలకు ఇదే బాధ. జూన్ 17న 'ఫ్రంట్ ఈగిల్', 'అడలిన్' ట్యాంకర్లు గుద్దుకున్నది ఆ రోజుల్లోనే, అయితే అది నౌక నడిపేవారి అంచనా తప్పిదమని యూఏఈ చెప్పింది.

శకలాల సంగతి: పడేవన్నీ కూల్చిన డ్రోన్‌వి కావు, దాన్ని కూల్చిన క్షిపణి ముక్కలు కూడా కావచ్చు. చప్పుడు వినగానే డాబా ఎక్కి చూడొద్దు. కిటికీలకు దూరంగా, బయటికీ మీకూ మధ్య రెండు గోడలుండే చోట, మెట్ల దగ్గరో నడవాలోనో ఉండాలి. పడిన ముక్కను ముట్టుకోవద్దు, కాలితో కూడా. పేలని మందు ఉండొచ్చు, మిగిలిన ఇంధనం విషం. యూఏఈ, ఖతర్‌లలో 999కి, కువైట్‌లో 112కి ఫోన్ చేయాలి. వీడియో తీసి గ్రూపుల్లో పెడితే అక్కడి చట్టాల కింద కేసు అవ్వొచ్చు. 2025 జూన్ 23న ఖతర్‌లోని అమెరికా సైన్యం వాడే అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు గగనతలం మూసేశారు. ఇలాంటి రోజుల్లో ప్రయాణం పెట్టుకుంటే, విమానాశ్రయానికి బయలుదేరే ముందే విమాన సంస్థతో నిర్ధారించుకోవాలి. పాస్‌పోర్ట్, వీసా కాపీలు ఇంటికి పంపించి ఉంచమనండి.

ప్రశ్న: మా ఓర్వకల్లు దగ్గర పరీక్షించిన లేజర్ కూడా ఇలాంటిదేనా? (కర్నూలు)

జవాబు: అదే కోవ, శక్తి తక్కువ. 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీఓ అక్కడ పరీక్షించిన మార్క్-2(ఎ) లేజర్ 30 కిలోవాట్లది, తయారీకి నాయకత్వం వహించింది హైదరాబాద్‌లోని చెస్ (హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్ కేంద్రం) ప్రయోగశాల. స్థిర రెక్కల డ్రోన్‌ను, డ్రోన్ల గుంపును కూల్చింది. అదే ఏడాది ఆగస్టు 23న ఒడిశా తీరంలో క్షిపణులతో కలిపి లేజర్‌ను పరీక్షించారు. లేజర్‌ను ఒంటరిగా కాక క్షిపణుల పక్కన నిలబెట్టడమే సరైన పద్ధతి. కర్నూలు పొడి ఆకాశం లేజర్‌కు అనుకూలం, తీరంలోని తేమలో అదే యంత్రం అంత దూరం కొట్టదు.

ప్రశ్న: అమెరికా షాహెద్‌నే కాపీ కొట్టిందట, నిజమా? (తిరుపతి)

జవాబు: నిజమే. పేరు లూకాస్, అరిజోనాలోని స్పెక్ట్రవర్క్స్ తయారీ, ఒక్కోటి సుమారు 35 వేల డాలర్లు. వీటితో పశ్చిమాసియాలో ఒక దళం పెట్టినట్టు 2025 డిసెంబర్ 3న ప్రకటించారు. అదే నెల 16న 'శాంటా బార్బరా' నౌక మీది నుంచి గల్ఫ్‌లో ఒకటి ఎగరేశారు.