మోటారు నీళ్లను లాగదని మా బావి దగ్గర తెలిసింది

17వ శతాబ్దపు సైన్సు జనం ప్రకృతిని చూసే తీరులో ఏం మార్చిందని అడిగారు. ఈ ప్రశ్నకి చాలామంది సూర్యుడు, భూమి అంటూ మొదలుపెడతారు. నాకు మా పొలం బావి గుర్తొస్తుంది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఎండాకాలం మోటారు నీళ్లు ఎత్తడం మానేసింది. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు విప్పి కడిగాం. పైపులోకి బిందెలకొద్దీ నీళ్లు పోసి చూశాం. 3 హెచ్‌పీ చాలట్లేదని నాన్న అప్పు చేసి 5 హెచ్‌పీ తెచ్చారు. అదీ ఎత్తలేదు. చివరికి మెకానిక్ వచ్చి తాడుకి రాయి కట్టి బావిలోకి వదిలాడు. "నీళ్లు 35 అడుగుల కిందికి పోయాయి. 10 హెచ్‌పీ పెట్టినా రావు. మోటారునే కిందికి దించండి" అన్నాడు. ఎందుకని అడిగితే "అదంతే" అన్నాడు.

1638లో అచ్చయిన గెలీలియో పుస్తకంలో అచ్చం ఇలాంటి మెకానిక్కే ఉన్నాడని చాలా ఏళ్లకు తెలిసి నవ్వొచ్చింది. పంపు పాడైందని పిలిస్తే, పంపు బాగానే ఉంది, నీళ్లే కిందికి పోయాయి, 18 మూరలు దాటితే ఏ పంపూ ఎత్తదు అంటాడు (వాళ్ల మూర మనదానికన్నా పెద్దది, దాదాపు 10 మీటర్ల లెక్క).

అప్పటిదాకా పండితులు చెప్పేది ఒకటే: ప్రకృతికి శూన్యం గిట్టదు, అందుకే ఖాళీ ఏర్పడగానే నింపడానికి నీళ్లు పైకొస్తాయి. మరి ఆ గిట్టకపోవడం 18 మూరల దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? గెలీలియో కూడా ఇక్కడ తప్పటడుగే వేశాడు. మరీ పొడవైన తాడు తన బరువుకి తానే తెగినట్టు నీటి స్తంభం తెగుతుందనుకున్నాడు.

ముడి విప్పింది ఇటలీ శాస్త్రవేత్త టారిసెల్లి. నీటికన్నా 13.6 రెట్లు బరువైన పాదరసాన్ని గాజు గొట్టంలో నింపి, పాదరసం ఉన్న గిన్నెలోకి తలకిందులుగా నిలబెడితే అది దిగి సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. లోపల ఏదీ దాన్ని లాగట్లేదు, బయటి గాలి బరువే గిన్నెలోని పాదరసాన్ని నొక్కి పైకి నిలబెడుతోంది అన్నాడు. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని 1644లో ఒక లేఖలో రాశాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి కథ. అదే నిజమైతే కొండెక్కితే నెత్తిన గాలి తగ్గాలి, పాదరసం దిగాలి కదా? ఫ్రాన్సు శాస్త్రవేత్త పాస్కల్ తన బావ పెరియేకి ఆ పని అప్పజెప్పాడు. 1648 సెప్టెంబరు 19న ఆయన ఫ్రాన్సులోని పుయ్ ద డోమ్ కొండెక్కాడు. శిఖరం మీద పాదరసం 3 అంగుళాలకు పైగా దిగింది. కింద ఊరి మఠంలో ఇంకో గొట్టాన్ని ఒక సన్యాసి పొద్దస్తమానం కనిపెట్టుకుని కూర్చుంటే అందులో ఏ మార్పూ లేదు. నా దృష్టిలో అసలు మార్పు ఆ సన్యాసి కాపలాలోనే ఉంది. ప్రకృతికి ఇష్టాయిష్టాలు అంటగట్టే బదులు, ఒక గొట్టం పైన, ఒకటి కింద పెట్టి చూశారు.

మా మోటారూ నీళ్లని లాగేది కాదు. పైపులో గాలి తీసేస్తే, బావిలో నీళ్ల మీద కూర్చున్న గాలి వాటిని పైకి తోసేది. ఆ తోపు ఎంత బాగా ఉన్నా 34 అడుగులు దాటదు, పొలంలో 25 దాటితేనే కష్టం. కిందికి దించాక పాత 3 హెచ్‌పీతోనే నీళ్లొచ్చాయి. 5 హెచ్‌పీ అప్పు మాత్రం రెండేళ్లు కట్టాం.