పత్తి కింది ఆకులు ఎర్రబడితే మెగ్నీషియం చూడండి

పత్తికి యూరియా వేసినా కాయ ఊరే దశలో కింది ఆకులు ఎర్రబడుతున్నాయి, ఏం చేయాలని ఒక రైతు అడిగారు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం ఎరుపెక్కితే మెగ్నీషియం లోపం అయ్యుండొచ్చు. పత్తి మొక్క ముదురు ఆకుల్లోని మెగ్నీషియాన్ని లేత ఆకులకు, కాయలకు పంపేస్తుంది. కాల్షియం, బోరాన్ అలా కదలవు, వాటి లోపం చిగుళ్లలో కనబడుతుంది.

1. ముందు ఆకు తిప్పి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. అంచులు కిందికి ముడుచుకుని, అడుగున పచ్చదోమ (ఆకు రసం పీల్చే చిన్న పురుగు) ఉంటే ఏ ఎరువూ పనిచేయదు, దోమను అదుపు చేయాలి.

2. మన గోదావరి డెల్టా బంకనేలల్లో నీరు నిలిస్తే వేర్లు పోషకాలు తీసుకోలేవు. బోదె (చిన్న కాలువ) తీసి నీళ్లు బయటికి వదిలేయండి. మళ్లీ యూరియా వద్దండి.

3. దోమ లేకపోతే లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయండి.

ఎర్రబడిన ఆకులు పూర్తిగా పచ్చబడకపోతే టెన్షన్ పడకండి, పై ఆకులు పచ్చగా ఉన్నాయో లేదో గమనించండి.