స్కాన్ నార్మల్ అన్నారు, తాతగారి చెయ్యి వణుకుతూనే ఉంది: మా అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది కడప. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మా నాన్నగారికి పార్కిన్సన్స్ అని డాక్టర్లు తేల్చారు కానీ, మెదడు ఎంఆర్‌ఐ రిపోర్టు నార్మల్ అని వచ్చింది. అప్పటినుంచి ‘ఆ స్కాన్‌లో కనిపించనిది కనిపించేలా చేస్తాను’ అంటోంది. దానికి బీటెక్ ఏఐ చాలని బంధువులు అంటున్నారు. మేనేజ్‌మెంట్ సీటుకు పొలం అమ్మడానికైనా సిద్ధమే. ఏఐ, బయోమెడికల్, ఈసీఈ, బీఎస్సీ ఫిజిక్స్‌లలో ఏది మేలు? చివరికి స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా మిగిలిపోతుందేమోనని దిగులు.

జవాబు: మీరు నాలుగు కోర్సుల పేర్లు రాశారు కానీ, మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉంది. కర్నూలులో నా ఎదుట కూర్చునే తల్లిదండ్రులు ఏటా వెలిబుచ్చే దిగులే అది.

ముందుగా, ఆ రిపోర్టు తప్పు కాదు. ఈ జబ్బులో మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగంలో కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తాయి. చెయ్యి వణకడం మొదలయ్యేసరికే వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి, అయినా మామూలు ఎంఆర్‌ఐలో ఆ నష్టం కంటికి ఆనదు. అందుకే వైద్యులు ఇప్పటికీ రోగిని నడిపించి, వేళ్లు ఆడించమని, చెయ్యి వంచి చూసి జబ్బును నిర్ధారిస్తారు. కణితి, పక్షవాతం, మెదడులో నీరు చేరడం వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికే ముఖ్యంగా స్కాన్ తీయిస్తారు. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) యంత్రంలో, ఇనుము జాడను పట్టే ప్రత్యేక పద్ధతిలో తీస్తే, ఆరోగ్యవంతుల్లో ఆ భాగం వెనుక వైపున వానకోయిల తోకలా చీలిన ఆకారం, రెండు నల్లని గీతల నడుమ తెల్లని చుక్కతో కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో ఆ తెలుపు మాయమవుతుంది. అదంతా కొన్ని మిల్లీమీటర్ల వ్యవహారం. రోగి కాస్త కదిలినా చెదిరిపోతుంది. మీ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా ఈ చిక్కునే.

ఇక ఏఐ సంగతి. ఆ బ్రాంచి మీద నాకున్న అనుమానాన్ని దాచుకోను. ఒక ఆసుపత్రి స్కాన్లతో నేర్చుకున్న ప్రోగ్రాం మరో ఆసుపత్రి యంత్రం తీసిన చిత్రాల ముందు తడబడటం ఈ రంగంలో అందరికీ తెలిసిన ఇబ్బంది. వయసుతో మెదడు సహజంగా కుంచించుకుపోవడం ఏదో, జబ్బు తెచ్చిన మార్పు ఏదో విడదీయాలంటే గణాంకశాస్త్రం కావాలి. పైగా తొలి దశలో వైద్యుడు పార్కిన్సన్స్ అనుకున్నది తరువాత మరో జబ్బుగా తేలవచ్చు; ఆ తప్పును కూడా యంత్రం శ్రద్ధగా నేర్చుకుంటుంది. ఇవేవీ బోధించకుండా బోర్డు మీద మాత్రమే ఏఐ అని రాసుకున్న కళాశాలలో సీటు కోసం పొలం అమ్ముతానంటే, కోపగించుకోకండి, నేను ఒప్పుకోను. మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, పొలం అమ్మే మాట ఉంది. అమ్మాయికి ఏ సబ్జెక్టు అంటే ఇష్టమో ఒక్క ముక్క లేదు. మీ నాన్నగారిని ఆ గొట్టంలో కదలకుండా పడుకోబెట్టి, చిత్రం చెదరకుండా తీసింది కూడా ఒక టెక్నీషియనే. ఆ మాటను చిన్నచూపుతో వాడకండి.

ఎంఆర్‌ఐ ఫొటో తీయదు. అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు పంపే రేడియో సంకేతాలను గణితంతో చిత్రంగా మారుస్తుంది. అందుకు 2003లో వైద్య నోబెల్ పొందిన లాటర్‌బర్ రసాయన శాస్త్రవేత్త, మాన్స్‌ఫీల్డ్ భౌతిక శాస్త్రవేత్త. వైద్య సీటు లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే అని ఎవరైనా అంటే నమ్మకండి. మీరు అడిగిన పోలిక చిన్నదే: మంచి ప్రభుత్వ కళాశాలలో ఈసీఈ వస్తే అదే నా మొదటి ఎంపిక, ఫిజిక్స్ మీద ప్రేమ ఉంటే బీఎస్సీ కూడా తక్కువేమీ కాదు, బయోమెడికల్‌ను మాత్రం అక్కడి ప్రయోగశాలను చూసి గానీ తీసుకోకండి. ఏఐ ప్రోగ్రామింగ్ ఈ మూడింటిలో ఎక్కడున్నా నేర్చుకోవచ్చు. ఆ తరువాత పీజీకో, పీహెచ్‌డీకో తిరువనంతపురం శ్రీచిత్ర, బెంగళూరు నిమ్హాన్స్ వంటి వైద్య పరిశోధన సంస్థలకు వెళ్లే వీలుంటుంది. అప్పటికి పొలమూ మిగులుతుంది.

కౌన్సెలింగ్‌కు ఇంకా సమయం ఉంది. ఈలోగా మీ నాన్నగారి స్కాన్ కవరులో ఫిల్ములతో పాటు ఒక సీడీ ఇచ్చి ఉంటే దాన్ని బీరువాలోంచి తీసి అమ్మాయి చేతికివ్వండి. ఆ చిత్రాలను ఒక్కొక్క పొరగా జరుపుతూ మధ్యమెదడు ఎక్కడుందో తనను వెతకనివ్వండి. మీరు కూడా పక్కన కూర్చోండి.