తాళం వేసిన ఇంటిని వదలకు

అమ్మాయీ,

నీ ప్రాజెక్టు కాగితాలు చదివాను. విజయవాడ కృష్ణలంకలో కుళాయి నీళ్ల మీద సర్వే, మంచి పని. కానీ ‘సాయంత్రం సెంటర్లో నిలబడి వంద మందిని అడుగుతాం’ అని రాశావు. సెంటర్లో దొరికినవాళ్లే కృష్ణలంక కాదు తల్లీ. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర కాయలు చూసి ధర కట్టడు, లోపలికి చెయ్యి పెట్టి తీస్తాడు. తాలు ఎక్కడుంటుందో వాడికి తెలుసు.

ముందు ఇళ్ల జాబితా రాసుకోండి. 1,200 ఇళ్లుంటే, వంద కావాలంటే, పన్నెండింటికి ఒకటి. 1 నుంచి 12 దాకా చీటీలు వేసి ఒకటి తియ్యి. 7 వస్తే 7, 19, 31 అలా పో. ఒక్క జాగ్రత్త: అంతస్తుకు నాలుగు ఫ్లాట్లుండే అపార్టుమెంట్లే వరసగా ఉంటే ఈ లెక్క ప్రతిసారీ మూడో ఫ్లాటు తలుపే కొట్టిస్తుంది. అక్కడ పన్నెండింటికి బదులు పదమూడింటికి ఒకటి పెట్టుకో.

వంద ఇళ్లతో వచ్చే శాతం అటూ ఇటూ పది దాకా తేడా పడొచ్చు. దాన్ని ఐదుకు దించాలంటే 400 ఇళ్లు తిరగాలి. మీ నలుగురికీ వంద చాలు, ఆ తేడా మాత్రం రిపోర్టులో రాయండి.

అసలు సంగతి తాళాలు. నా మొదటి సర్వేకి పగలు పదకొండింటికి వెళ్లేవాణ్ణి. తాళం కనిపిస్తే పక్కింట్లో ఫారం నింపేవాణ్ణి. చివరికి అందరూ ఇంటిపట్టున ఉండేవాళ్లే తేలారు. తెల్లారకుండానే పనికి పోయి, బిందె పట్టుకోలేని మనిషి గోడు నా లెక్కలో ఒక్క ముక్క లేదు. ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఒక పత్రిక, ఓటు ఎవరికని అడుగుతూ సుమారు కోటి మందికి కార్డులు పంపితే జవాబిచ్చింది 20 లక్షల పైచిలుకే. ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని వేసింది, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. అంతమంది జవాబిచ్చినా, పలకనివాళ్ల లోటు తీరలేదు. అందుకే తాళం ఉంటే సాయంత్రం వెళ్లు, ఆదివారం వెళ్లు. మూడుసార్లకూ దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాయి, పక్కింటికి మాత్రం పోకు.

ప్రశ్నల్లో ఒకటి మార్చు. ‘నీళ్లు టైముకు, శుభ్రంగా వస్తున్నాయా?’ అన్నావు. టైముకే వచ్చి మురికిగా ఉంటే ఆవిడేం చెప్పాలి? రెండుగా విడగొట్టు. ‘సరిగా రావట్లేదు కదా’ అని నువ్వే జవాబు అందించకు. ‘నిన్న ఎన్ని బిందెలు పట్టారు?’ అని అడుగు.

ఈ ఆదివారం పది ఇళ్లు తిరిగి ఆ ఫారాలు నాకు చూపించు. అప్పటిదాకా మిగతావి జిరాక్స్ తీయించొద్దు.

మీ పెదనాన్న